కాలు నలిగితే కిడ్నీ ఎందుకు పాడవుతుంది?



ఐసియూ తలుపు బయట నిలబడిన బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "తొడ ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రెండో రోజు మాతో మాట్లాడాడు కూడా. మూడో రోజుకి ఊపిరి అందడం లేదు, వెంటిలేటర్ పెట్టాలంటున్నారు, కిడ్నీలు పనిచేయడం లేదంటున్నారు. కాలికి దెబ్బ తగిలితే కిడ్నీకి ఏమిటండీ సంబంధం? మా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" ఆ ప్రశ్నలో దుఃఖంతోపాటు అనుమానం కూడా ఉంటుంది. ఆ గుమ్మం దగ్గర రెండు మాటల్లో చెప్పే జవాబు ఎవరికీ ఎక్కదు. అందుకే ఈసారి పాఠంలో దీనిని తీరుబడిగా తెలుసుకుందాము.

మన నాదెండ్ల చుట్టుపక్కల వారికి ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. చిలకలూరిపేట మీదుగా జాతీయ రహదారి పోతున్నది. మిరప కోతల రోజుల్లో తెల్లవారకముందే ఆటోల్లో, ట్రాక్టరు ట్రక్కుల్లో కూలీలు కిక్కిరిసి వెళతారు. గణపవరం మిల్లుల్లో రాత్రింబగళ్ళు యంత్రాలు తిరుగుతాయి. పెద్ద దెబ్బ ఏ ఇంటికైనా రావచ్చు.

వాపు శత్రువు కాదు

కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. దీనినే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. రక్తనాళాలు ఆ చోట కొంచెం వదులై, తెల్లరక్తకణాలను బయటకు పంపుతాయి. అవి క్రిములను చంపి, చెడిన కండను ఎత్తిపోసి, గాయం మానడానికి దారి చేస్తాయి. ఇది లేకపోతే చిన్న ముల్లు కూడా మానదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, దెబ్బ మరీ పెద్దదైనప్పుడు. తొడ, కటి ఎముకలు విరిగి, కండరాలు నలిగి, రక్తం చాలా పోయినప్పుడు ఆ పిలుపు ఒక చోట ఆగదు. రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకుతుంది. దెబ్బ తగలని ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో, కాలేయంలో కూడా రక్తనాళాలు వదులవుతాయి. పత్తి మిల్లులో నిప్పు పడినప్పుడు చూసినవారికి ఇది తేలికగా తెలుస్తుంది. కాలినవి పది బేళ్ళే, కాని ఫైరింజన్ నీళ్ళకు తడిసి పాడైనవి వంద. నీళ్ళు కొట్టవద్దని అనలేము, కొడితే సరుకు పోతుంది. వైద్యుని ఇబ్బంది కూడా సరిగ్గా ఇటువంటిదే.

క్రిమి లేకుండానే క్రిమి వచ్చినట్టు ఎందుకు? చాలాకాలం ఇది అంతుచిక్కలేదు. రోగికి జ్వరం, గుండెదడ, బి.పి. పడిపోవడం ఉంటాయి, రక్తపరీక్షలో క్రిములు కనబడవు. "సెప్టిక్ అయ్యింది" అని ఊళ్ళో అనుకుంటారు, ఒక్కొక్కసారి అది నిజమే, కాని అన్నిసార్లూ కాదు. 2010లో అమెరికాలోని బోస్టన్ నగర పరిశోధకులు దీనికి ఒక మంచి జవాబు చూపించారు. మన కణాల లోపల మైటోకాండ్రియా అనే భాగాలుంటాయి. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే అడగండి, కణానికి శక్తినిచ్చేవని చెబుతారు. కోట్లాది ఏళ్ళ క్రితం ఇవి స్వతంత్రంగా బ్రతికిన బ్యాక్టీరియా అని, కణంలో చేరి అక్కడే స్థిరపడ్డాయని శాస్త్రవేత్తలు నమ్ముతారు. కండ నలిగినప్పుడు కణాలు పగిలి ఈ ముక్కలు రక్తంలోకి వస్తాయి. వాటి డి.ఎన్.ఎ. బ్యాక్టీరియా డి.ఎన్.ఎ.ను పోలి ఉంటుంది గనుక, కాపలా కాసే తెల్లకణాలు శత్రువు వచ్చిందనుకొని విరుచుకుపడతాయి. ఆ ముక్కలనే ఎలుకలకు ఎక్కిస్తే, ఏ క్రిమీ లేకుండానే వాటి ఊపిరితిత్తులు వాచాయి. సొంత ఇంటి మనిషినే దొంగ అనుకొని కొట్టినట్టు.

కిడ్నీ కథ దీనికంటే పాతది. 1941లో లండన్ నగరం మీద బాంబులు పడుతున్న రోజుల్లో బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వైద్యులు నలుగురు రోగుల సంగతి వ్రాశారు. వారు కూలిన గోడల కింద కాళ్ళు చేతులు ఇరుక్కొని గంటల తరబడి ఉండిపోయినవారు. బయటకు తీసినప్పుడు బాగానే ఉన్నట్టు కనబడ్డారు. తరువాత ఆ అవయవం వాచింది, బి.పి. పడిపోయింది, మూత్రం తగ్గి నల్లబడింది, సుమారు వారంలో చనిపోయారు. నలిగిన కండరంలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో చేరి, కిడ్నీల సన్నని గొట్టాలను అడ్డగించి పాడుచేస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. అదే సమయంలో కండరంలోని పొటాషియం కూడా బయటపడి గుండెను ఆపగలదు. ట్రాక్టరు కింద గాని, గోడ కింద గాని ఇరుక్కున్న మనిషికి సెలైన్ ఎంత తొందరగా ఎక్కిస్తే కిడ్నీ అంత దక్కుతుంది. డికాషన్ రంగులో మూత్రం వస్తే గంట కూడా ఆగకూడదు.

ఊపిరితిత్తుల సంగతి కొంచెమే చెబుతాము. సన్నని రక్తనాళాలు కారి, గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. వెంటిలేటర్ పెట్టడం అంటే ఆశ వదులుకోవడం కాదు. గాలిని పెద్దపెద్ద మోతాదుల్లో కాకుండా కొద్దికొద్దిగా ఇస్తే మేలని 2000లో 861 మంది రోగులతో చేసిన పరిశోధన తేల్చింది. మరణాలు నూటికి దాదాపు 40 నుండి 31కి తగ్గాయి. కొత్త మందు ఏమీ లేదు, ఉన్న యంత్రాన్ని నెమ్మదిగా వాడటమే.

కొత్తగూడెం నుండి మెంఫిస్ వరకు

ఈ రంగంలో మన తెలుగు ఆడపడుచు పేరు ఒకటి చెప్పుకోవాలి. డాక్టర్ కన్నెగంటి తిరుమలాదేవి గారిది బొగ్గుగనుల ఊరు కొత్తగూడెం. అక్కడి సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో డిగ్రీ చదివి, ఉస్మానియాలో పిహెచ్.డి. చేసి, 2007 నుండి అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. ఆమె పని నేరుగా ప్రమాదాల మీద కాదు. మన కణాలు ప్రమాదాన్ని ఎలా పసిగడతాయి, పసిగట్టి ఎలా చనిపోతాయి అన్నది ఆమె ప్రశ్న. ఒక కణం పగిలి చస్తే లోపలి సరుకంతా బయటపడి, పక్క కణాలను రెచ్చగొడుతుంది. ఒకదాని నుండి ఇంకొకటి అంటుకుంటుంది. అనేక దారులు కలిసిన ఇటువంటి చావుకు ఆమె బృందం 2019లో ఒక పేరు పెట్టింది, పాన్‌ఆప్టోసిస్ అని. ఎర్రరక్తకణాలు చిట్లినప్పుడు వచ్చే హీమ్ అనే పదార్థం, క్రిముల ముక్కలతో కలిస్తే ఈ చావును రగిలిస్తుందని, దానిని పసిగట్టే ఒక ప్రోటీన్ లేని ఎలుకల్లో కిడ్నీలు తక్కువగా దెబ్బతిన్నాయని 2023లో వారు ప్రకటించారు. ఇది ఎలుకల మాట. మన మంచం మీది రోగికి మందుగా మారడానికి ఇంకా దూరం ఉంది. అయినా పెద్ద దెబ్బ తగిలిన మనిషిలో రక్తకణాలు చిట్లడం, తరువాత క్రిములు చేరడం రెండూ జరుగుతాయి గనుక, దీనిని మేము శ్రద్ధగా చదువుతున్నాము.

మరి వాపును అణచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు కదా? డాక్టర్లు కూడా ఏళ్ళ తరబడి అలాగే అనుకొని, తలకు దెబ్బ తగిలినవారికి ఇచ్చారు. చివరకు పదివేల మందికి పైగా రోగులతో పెద్ద పరీక్ష చేసి 2004లో ఫలితం చెప్పారు. రెండు వారాలలోపు స్టెరాయిడ్ తీసుకున్నవారిలో నూటికి 21 మంది, తీసుకోనివారిలో 18 మంది చనిపోయారు. మేలు అనుకున్నది కీడు చేసింది. దీనిని దాచకుండా ప్రకటించినందుకు ఆ వైద్యులను మెచ్చుకోవాలి. 2011లో ఇంకో పరిశోధన, తీవ్రంగా గాయపడినవారి తెల్లకణాల్లో నూటికి 80కి పైగా జన్యువుల పనితీరు మారిపోతుందని చూపింది. మంటను పెంచేవీ, రక్షణను తగ్గించేవీ ఒకేసారి నడుస్తాయి. అంటే రోగి శరీరం ఒకవైపు అతిగా పోరాడుతూ, ఇంకొకవైపు క్రిములకు లొంగిపోతూ ఉంటుంది. ఒక్క సూదితో ఆర్పగల మంట కాదిది.

మన చేతిలో ఉన్నది

ఇప్పటికి మనకున్న గట్టి మందు సమయమే. రక్తం ఎంత తక్కువ పోతే తరువాత వచ్చే మంట అంత తక్కువ. ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చవకైన మందు ఉంది, జపాన్ దంపతులైన ఒకమోటోలు 1962లో కనిపెట్టినది. నలభై దేశాల్లో 20,211 మంది క్షతగాత్రుల మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఆ పరీక్షలో మన దేశపు ఆస్పత్రులూ పాలుపంచుకున్నాయి. అది ప్రాణాలు కాపాడింది. కాని దెబ్బ తగిలిన మూడు గంటలలోపు ఇస్తేనే. మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావం వల్ల మరణాలు పెరిగాయి. పల్లెలో ఆ మూడు గంటలు ఎక్కడ పోతాయో మనందరికీ తెలుసు. ముందు ఆర్.ఎం.పి. గారి దగ్గరకు, తరువాత పెద్దమనుషుల సలహాకు, తరువాత "పుత్తూరు కట్టు వేయిద్దామా" అనే చర్చకు. చేయి బెణికితే సరే. తొడ ఎముక విరిగినా, కడుపుకో ఛాతీకో దెబ్బ తగిలినా ఆ చర్చ వద్దు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108కి వెంటనే ఫోన్ చేయండి. సాయం చేసినవారిని పోలీసు కేసుల్లోకి లాగకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో చట్టంలోనూ చేర్చారు, కనుక దారిన పోయేవారు భయపడనక్కరలేదు.

బండి వచ్చేలోపు శుభ్రమైన గుడ్డతో రక్తం కారే చోట గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికి తీసి చూడకండి. గాయంలో కాఫీపొడి, పసుపు కూరవద్దు. నోట్లో సోడా, నీళ్ళు పోయవద్దు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజెక్షన్ చేయించవద్దు. రక్తం పోయిన మనిషికి అది కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. నొప్పికి ఏమివ్వాలో ఆస్పత్రిలో చూస్తారు. మనిషి దేని కిందనైనా నలిగి ఉంటే ఎంతసేపు ఉన్నాడో గడియారం చూసి గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట మా వైద్యాన్ని మార్చేస్తుంది. షుగరు, బి.పి. మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకురండి.

ఐసియూలో ఉన్నప్పుడు రోజూ ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఈ రోజు మూత్రం ఎంత వచ్చింది?" ఎముక ఫొటో కంటే ఆ జవాబు మీకు ఎక్కువ చెబుతుంది. డయాలసిస్ చేయవలసి వస్తే అది జీవితాంతం అనుకొని బెంగపడకండి. ఇటువంటి కిడ్నీ దెబ్బ చాలామందిలో కొన్ని వారాల్లో తిరిగి కోలుకుంటుంది. ఇంటికి వెళ్ళాక క్రియాటినిన్ పరీక్షకు చెప్పిన తేదీన రండి. కుట్లు మానాయి కదా అని మానేసేవారు ఎక్కువ. కుట్లు చూడటానికి కాదు మేము పిలిచేది.