భయానికి గట్టు: మెదడులోని నిరోధక నాడీవలయాలు

గోదావరి సీమలో పుట్టి పెరిగిన మనకు భయమనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను కన్నులార చూచిన పెద్దలలో నేటికీ రాత్రివేళ జోరువాన వినగానే లేచి కూర్చుండేవారు కలరు. అది వట్టి వానయే గాని వరద కాదని వారెరుగుదురు. అయినను గుండె దడదడలాడును. తెలిసియు భయపడుట ఎందువలన? తెలుగులో భయమన్నను, ఉర్దూలో ఖౌఫ్ అన్నను ప్రశ్న ఒక్కటే. దీనికి నాడీశాస్త్రం చెప్పుచున్న సమాధానాన్ని సంగ్రహంగా పరిశీలింతము.

మన కణతలకు లోపల, మెదడులో ఇరువైపులా బాదంపప్పు ఆకారంలో ఒక్కొక్క కణసముదాయం ఉన్నది. గ్రీకు భాషలో బాదమును తెలుపు పదమునుండియే దీనికి అమిగ్డలా అను పేరు వచ్చినది. కంటికి కనబడినది, చెవికి వినబడినది ఇచ్చటికి చేరును. ఒక శబ్దం ఆపదతో కలిసి వచ్చినచో ఆ రెంటికీ ఇచ్చట ముడిపడును. పిమ్మట ఆ శబ్దం ఒక్కటి వినబడినను గుండె వేగం పెరుగును, చెమట పట్టును.

నాడీకణాలు ప్రధానంగా రెండు విధాలు: ఉత్తేజపరచునవి, నిరోధించునవి. నిరోధక కణాలు వాడు ముఖ్య రసాయనం గాబా. ఇది మెదడులో ఉన్నదని 1950లో వెల్లడియైనది. గాబా తగిలిన కణంలోనికి క్లోరైడు అయానులు ప్రవేశించి దాని ఉద్రేకాన్ని అణచివేయును. ఈ అయానుల హెచ్చుతగ్గులను నిలుపుటకు కావలసిన శక్తి ఏటీపీ నుండి లభించును. ఆ ఏటీపీని 1929లో వేరుచేసిన వారిలో సైరస్ ఫిస్కేతోపాటు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉండుట మనకు గర్వకారణం.

విజ్జేశ్వరం వద్ద తలుపులు దించినచో మన ఊరి కాలువకు నీరు తగ్గును; ఎత్తినచో పారును. అమిగ్డలాలోని భయద్వారానికి కూడ ఇట్టి తలుపే కలదు. మామూలు వేళల ఒక తెగ నిరోధక కణాలు ఆ తలుపును మూసి ఉంచును. ఆపద సూచన అందగానే మరొక తెగ నిరోధక కణాలు మేల్కొని, ఆ కాపలాదారులనే అణచును. అప్పుడు తలుపు తెరచుకొనును. అనగా నిరోధానికి నిరోధమే భయానికి దారి. 2010లో డేవిడ్ ఆండర్సన్, ఆండ్రియాస్ లూథి బృందాలు చుంచెలుకలలో ఈ అమరికను నిరూపించినవి.

మరి భయం పోవుట ఎట్లు? పోయినదనుకొన్న నేర్పు కొంతకాలానికి తిరిగి తలయెత్తుటను పావ్లోవ్ తన కుక్కలలో ఏనాడో గమనించెను. అనగా పాత ముడి తెగదు. ఆపద లేదను కొత్త పాఠం దానిపై గట్టుగా నిలుచును. అమిగ్డలా భాగాల నడుమ గుంపులుగా ఉన్న చిన్న నిరోధక కణాలు ఈ గట్టులో ముఖ్యమైనవి. 2008లో డెనిస్ పారే బృందం ఎలుకలలో వీనిని నశింపజేయగా, అణగిన భయం మరల బయటపడినది.

దీనినుండి మనం గ్రహింపవలసినవి రెండు. వాన చప్పుడుకు వణకువారిని పిరికివారని పరిహసించుట అజ్ఞానం. వారికి కావలసినది ఓర్పుతో, కొద్దికొద్దిగా, సురక్షితమైన అనుభవం. రెండవది, డయజిపామ్ వంటి మాత్రలు గాబా ప్రభావాన్ని హెచ్చించి తాత్కాలికంగా ఊరటనిచ్చును గాని, అలవాటుగా మారగలవు. పరీక్షల భయానికి వైద్యుని సలహా లేనిదే వానిని మ్రింగుట తగదు. గట్టు ఒక్కనాటిలో లేవదు. తట్ట తట్టగా మట్టి వేయవలసినదే.