పరీక్షాముద్ర

అంగడికి పోయి మామిడిపండ్లు కొనువాడు పండును చేత బట్టి చూచును, వాసన చూచును, వెల బేరమాడును. వంకాయలు కొను గృహిణి పుచ్చులను ఏఱివేయును. కాని కోసి, కడిగి, పొట్లము గట్టి అమ్మెడు మాంసమును చూచి, ఆ జంతువు బ్రతికియున్నప్పుడు ఆరోగ్యముగా నుండెనో, రోగముతో నుండెనో మనము చెప్పగలమా? చెప్పజాలము.

పూర్వము పల్లెలలో ఈ చిక్కు అంతగా లేకుండెను. మేక యెవరిదో, అది ఏ బీటిలో మేసినదో, దానిని కోసినవాడెవడో ఊరివారందఱకును తెలియును. చెడుమాంసము అమ్మినవాడు మఱునాడు ఊరిలో తల యెత్తుకొని తిరుగజాలడు. పట్టణములు పెరిగి, పశువు పెరుగుట ఒకచోట, దానిని కోయుట ఒకచోట, తినుట మఱొకచోట అయిన పిదప ఆ యెఱుక నశించెను. అప్పుడు అందఱి పక్షమున నిలిచి చూచుటకు ఒక నమ్మకమైన కన్ను అవసరమయ్యెను. ఆ కన్నే ప్రభుత్వ మాంసపరీక్షకుడు. ఆ కన్ను మూతపడకుండ కనిపెట్టువాడు పర్యవేక్షకుడు. ఈ యేర్పాటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎట్లు కలిగినదో ఈ పాఠమున తెలిసికొందము.

1865వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన చికాగో నగరమున యూనియన్ స్టాక్‌యార్డ్సు అను గొప్ప పశువుల విపణి తెఱవబడెను. పడమటి మైదానములలో పెరిగిన పశువులును, పందులును రైలుబండ్లలో అచ్చటికి వచ్చుచుండెను. మంచుగడ్డలు నింపిన రైలుపెట్టెలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, అచ్చట కోసిన మాంసము వందల మైళ్ల దూరమునందున్న తూర్పు నగరములకు చెడకుండ చేరజొచ్చెను. ఓడలకెక్కి ఐరోపాకును పోయెను. కాని అమెరికా పందిమాంసములో సూక్ష్మమైన పురుగులు గలవను కారణమున 1879లో ఇటలీయు, తరువాత జర్మనీ, ఫ్రాన్సు మున్నగు దేశములును దానిని తమ రేవులలో దిగనీయవయ్యెను.

వర్తకము దెబ్బతినుటతో ప్రభుత్వము మేలుకొనెను. 1884లో వ్యవసాయశాఖలో పశుపరిశ్రమ విభాగము ఏర్పడెను. డేనియల్ సాల్మన్ అను పశువైద్యుడు దానికి మొదటి అధికారి. ఆయన క్రింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ కనుగొనిన ఒక సూక్ష్మజీవికి ఈయన పేరే పెట్టిరి. ఆహారము ద్వారా మనుష్యులను బాధించు సాల్మొనెల్లా అనునది ఆ జాతిదే. 1891లో మాంసపరీక్షకు ఒక చట్టము వచ్చెను. అయితే దాని ముఖ్యోద్దేశము విదేశములకు పోవు సరకునకు మంచిపేరు తెచ్చుట. పరుల పళ్లెమును గూర్చి కలిగినంత చింత తన బిడ్డల పళ్లెమును గూర్చి అప్పటికింకను కలుగలేదు.

1904లో అప్టన్ సింక్లెయిర్ అను యువరచయిత చికాగోకు వచ్చెను. అతడు పనివాని దుస్తులు ధరించి, అన్నపు డబ్బా చేతబట్టి, ఏడు వారములు ఆ కార్ఖానాల నడుమ తిరిగెను. కూలీలతో కలిసి మాటలాడెను. తాను చూచినదియు విన్నదియు చేర్చి ‘జంగిల్’ అను నవల వ్రాసెను. అది 1905లో ఒక పత్రికలో వరుసగా వెలువడి, 1906లో పుస్తకమయ్యెను. కూలీల కష్టములను చూచి జనులు కరుణింపవలెనని అతని కోరిక. జనులు మాత్రము తాము తినుచున్న మాంసమును తలంచుకొని భయపడిరి. తన బాణము గుఱి తప్పి వేఱొకచోట తగిలెనని ఆ రచయిత తరువాత విచారించెను.

అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు. సింక్లెయిర్ రాజకీయాభిప్రాయములు ఆయనకు నచ్చవు. అయినను నిజము తేల్చవలెనని నిశ్చయించెను. పరీక్షలు జరుపుచున్నది వ్యవసాయశాఖ. ఆ శాఖనే విచారణ చేయుమనిన తన తప్పునకు తానే తీర్పు చెప్పినట్లగునని సింక్లెయిర్ ఆయనను హెచ్చరించెను. అధ్యక్షుడు ఆ శాఖకు చెందని యిరువురిని పంపెను. ఒకరు కార్మికశాఖాధికారి చార్లెస్ నీల్. మఱొకరు సంఘసేవకుడు జేమ్స్ రేనాల్డ్స్. మురికి పట్టిన కొయ్యనేలపై నుండి మాంసమును పారలతో ఎత్తుటయు, సరిగా కడుగని బల్లలపై కుప్పవోయుటయు, ఉమ్మియు దుమ్మును దానిలో కలియుటయు వారు కన్నులార చూచిరి. 1906 జూన్ 4వ తేదీన ఆ నివేదిక శాసనసభకు చేరెను. జూన్ 30వ తేదీన మాంసపరీక్షా చట్టముపై అధ్యక్షుడు సంతకము చేసెను.

ఆ చట్టము చెప్పిన ముఖ్యవిషయములు నాలుగు. పశువును కోయుటకు ముందు పరీక్షింపవలెను. కోసిన పిదప ప్రతి కళేబరమును పరీక్షింపవలెను. కార్ఖానా పరిశుభ్రముగా నుండవలెను. మాంసముతో తయారుచేయు ఇతర పదార్థములును పరీక్షకు లోబడవలెను. మంచిదని తేలినదానికి ‘పరీక్షించి ఆమోదించితిమి’ అను ముద్ర. చెడినదానికి ‘నిరాకృతము’ అను ముద్ర. నిరాకరించినదానిని పరీక్షకుని యెదుటనే, ఆహారమునకు పనికిరాకుండ నాశనము చేయవలెను.

ఇచ్చట ఒక గొప్ప చర్చ జరిగెను. పరీక్షకుని జీతము ఎవరియ్యవలెను? కార్ఖానాదారులే చెల్లింపవలెనని ఆల్బర్ట్ బెవరిడ్జ్ అను సెనేటరు వాదించెను. కార్ఖానాదారులు ఒప్పుకొనరైరి. తుదకు ప్రభుత్వ ఖజానా నుండి ఏటేట 30 లక్షల డాలర్లు ఇచ్చుటకు నిర్ణయమయ్యెను. ఎవరి యుప్పు తిందుమో వారి పాట పాడుట లోకసహజము గదా! పరీక్షకుడు ప్రజల యుప్పు తినువాడైనందున ప్రజల పక్షమున నిలువవలసినవాడయ్యెను. పరీక్షకుడు కార్ఖానాదారుని వద్ద బహుమానము పుచ్చుకొనినచో ఉద్యోగము పోవుటయే కాక, ఒక యేడు మొదలు మూడేండ్ల వఱకు చెఱయు తప్పదని ఆ చట్టము శాసించెను.

ఇక పరీక్ష జరుగు విధమును చూతము. తెల్లవాఱగనే పశువైద్యాధికారి దొడ్లకు పోయి, పశువులు నిలిచియున్నప్పుడును, నడచునప్పుడును గమనించును. కుంటుచున్నదానిని, జ్వరముతో నున్నదానిని, సందేహము కలిగించుదానిని వేఱుపఱచును. లోపల కళేబరములు కొక్కెములకు వ్రేలాడుచు వరుసగా కదలివచ్చును. ఒక పరీక్షకుడు తలను, ఒకడు కాలేయము మొదలగు లోపలి అవయవములను, ఒకడు దేహమును చూచును. శోషరస కణుపులను కోసి క్షయవంటి రోగముల జాడ వెదకును. సందేహము తోచినచో గుర్తు గట్టి ప్రక్కకు తీయించును. దాని గతిని పశువైద్యుడు నిర్ణయించును. పరీక్షకుడు లేనిదే కోత సాగరాదు.

కోళ్లు మొదట ఈ చట్టములోనికి రాలేదు. వాటికి 1957లో వేఱొక చట్టమయ్యెను. ప్రాతపద్ధతిలో ఒక్కొక్క పరీక్షకుని యెదుట నిమిషమునకు 35 కోళ్లవఱకు సాగిపోవచ్చును. లెక్క వేసి చూడుడు! ఒక్కొక్క కోడికి రెండు సెకనులైనను లేవు. ఆ స్వల్పకాలములోనే బయటిభాగమును, లోపలిభాగమును, అవయవములను చూచి మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. గంటల తరబడి చూచినచో ఎంతటివాని కన్నైనను అలసిపోవును.

కావుననే పరీక్షకులపై పర్యవేక్షకుడు కావలసివచ్చెను. అతడు పరీక్షకుల స్థానములను మార్చుచుండును. వారు త్రోసివేసినదియు ఆమోదించినదియు తాను మరల చూచును. వెలుతురు చాలనిచోట దీపము పెట్టించును. వరుస మితిమీఱి పరుగెత్తినచో వేగము తగ్గించును. మాలిన్యము కనబడినచో నిలిపివేయించును. వరుస ఒక్క గంట నిలిచిన కార్ఖానాదారునకు గొప్ప నష్టము. అట్టి సమయమున అతని కోపమునకు బెదరని ధైర్యమును, నిష్కారణముగా నిలుపని వివేకమును పర్యవేక్షకునకు ఉండవలెను. పరీక్షకుని తీర్పు అన్యాయమని తోచినచో కార్ఖానాదారుడు పర్యవేక్షకునితో మొఱపెట్టుకొనవచ్చును; అంతటితో తృప్తిపడనిచో అతని పై అధికారి యొద్దకు పోవచ్చును. మొఱ వినువాడు వాదించువారి ముఖములను గాక, ఎదుటనున్న మాంసమును చూచి తీర్పు చెప్పవలెను. చూచీ చూడనట్లు పోవుట ప్రజలకు ద్రోహము. పంతముతో మంచిసరకును పాఱవేయించుట వర్తకునకు ద్రోహము.

1906 నాటి చట్టము ఒక రాష్ట్రము నుండి మఱొక రాష్ట్రమునకును, విదేశములకును పోవు మాంసమునకే వర్తించెను. ఒక రాష్ట్రములోనే కోసి అచ్చటనే అమ్ముదానికి ఆ రక్ష లేకుండెను. ఈ లోపమును తీర్చుటకు 1967 డిసెంబరు 15వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ క్రొత్త చట్టముపై సంతకము చేసెను. ఆ సమయమున ఆహ్వానితుడై 89 ఏండ్ల వృద్ధుడొకడు అచ్చట నుండెను. ఆ వృద్ధుడే అప్టన్ సింక్లెయిర్! మఱుసటి యేడే ఆయన మరణించెను.

అయినను కథ ముగియలేదు. కన్ను ఎంత తీక్ష్ణమైనదైనను సూక్ష్మజీవులను చూడజాలదు. 1993లో అమెరికా పడమటి రాష్ట్రములలో తగినంత వేడి తగులని ఖీమా తినుటవలన ఏడువందల మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు చిన్నబిడ్డలు మరణించిరి. ఆ మాంసము తినకయే, తోటిబిడ్డల వలన వ్యాధి సోకినవారును వారిలో గలరు. ఆ మాంసమునకును పరీక్షాముద్ర యుండెను! పశువు ప్రేగులలో నుండు ఒక విధమైన ఈ.కోలై అను సూక్ష్మజీవి దానికి కారణము. కోయునప్పుడు అది మాంసముపై అంటుకొనును. ముక్క పైననే యున్నచో నిప్పుసెగకు చచ్చును. ఖీమా కొట్టినపుడు లోపలికి పోయి, చాలని వంటలో బ్రతికియుండును.

ఈ దుఃఖము నుండి పాఠము నేర్చి 1996లో క్రొత్త నిబంధనలు చేసిరి. ఎచ్చటెచ్చట ప్రమాదము కలుగునో కార్ఖానావారే ముందుగా గుర్తించి, అచ్చట ఉండవలసిన వేడిని, చల్లదనమును నిర్ణయించి, అనుదినము కొలిచి వ్రాసిపెట్టవలెను. ఈ పద్ధతికి హాసప్ అని పేరు. 1998లో పెద్ద కార్ఖానాలలో మొదలై 2000 నాటికి మిక్కిలి చిన్నవానికిని ఇది వర్తించెను. ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పరీక్షలును చేర్చిరి. కన్నులతో చూచుటయు మానలేదు. నేటి పర్యవేక్షకుడు కళేబరములతో పాటు లెక్కపుస్తకములను కూడ చూడవలసినవాడు. కాని కాగితము అబద్ధమాడవచ్చును. కావున ఉష్ణమాపకమును చేతబట్టి తానే కొలిచి, వ్రాసిన అంకెతో సరిపోల్చుకొనువాడే ఉత్తమ పర్యవేక్షకుడు.

మన దేశమున 2006లో ఆహార భద్రతా ప్రమాణముల చట్టము వచ్చెను. మాంసమును దానికి లోబడినదే. అయితే చట్టము పుస్తకములో నుండిన చాలదు. ముద్ర వేయు చేయి నిజాయితీ గలదై యుండవలెను. ముద్ర యున్నదా యని అడుగు ప్రజలు ఉండవలెను. ఇంట మాంసమును లోపలివఱకు బాగుగా ఉడికించు జాగ్రత్తయు ఉండవలెను.

బాలబాలికలారా! పరీక్షకుని పేరు మనకు తెలియదు. అతడు తన పని చక్కగా చేసిన దినమున ఎవరికిని జబ్బు రాదు. కావున ఎవరును అతనిని తలంపరు. ఎవరును మెచ్చుకొనకున్నను, రెండు సెకనుల పనినైనను శ్రద్ధతో చేయుట గొప్ప దేశసేవ.

ప్రశ్నలు

1. పల్లెలలో లేని చిక్కు పట్టణములలో ఎట్లు కలిగెను?
2. విచారణకు రూజ్‌వెల్టు వ్యవసాయశాఖకు చెందనివారిని ఏల పంపెను?
3. పరీక్షకుని జీతము ప్రభుత్వ ఖజానా నుండి ఇచ్చుటలోని మేలు ఏమి?
4. పర్యవేక్షకునకు ఉండవలసిన గుణములను వివరింపుడు.
5. 1993లో ముద్ర గల మాంసమే కీడు చేయుటకు కారణమేమి? దాని తరువాత వచ్చిన మార్పులేవి?