మన తెనాలి ‘ఊర్వశి’ శారద



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల హాస్టళ్లలో చదువుకున్న మనకు నాటకం కొత్త కాదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంతో తెలుగువారందరినీ మెప్పించారు. ఆడవారు రంగస్థలం ఎక్కడానికి సంఘం ఒప్పుకోని రోజులవి. అందుకే స్త్రీ పాత్రలు మగవారే వేసేవారు. అలాంటి ప్రాంతంలో, తెనాలిలో, 1945 జూన్ 25న పుట్టిన ఒక ఆడపిల్ల జాతీయ ఉత్తమ నటి అవార్డును మూడుసార్లు అందుకున్నారు. ఆమే శారద గారు.

బాల్యం, నాటకాలు

ఆమె అసలు పేరు సరస్వతీదేవి. చిన్నతనంలోనే నాట్యం నేర్చుకున్నారు. 1955లో ‘కన్యాశుల్కం’ చిత్రంలో బాలనటిగా కనిపించారు. తర్వాత నాటకాల్లోనూ నటించారు. నాటకంలో చివరి వరుసలో కూర్చున్నవారికీ మాట వినపడాలి. తప్పు జరిగితే వెనక్కి వెళ్లే వీలు లేదు. సినిమాలో కెమెరా ముఖం దగ్గరకే వస్తుంది కాబట్టి కంటిచూపు చాలు, కొంచెం ఎక్కువ చేసినా అతి అవుతుంది. ఆమె ఈ రెండు విద్యలూ సాధన చేశారు. 1961లో ‘ఇద్దరు మిత్రులు’లో నటించినా, మొదట్లో తెలుగులో ఎక్కువగా హాస్య పాత్రలు, చిన్న పాత్రలే దక్కాయి.

కేరళలో గుర్తింపు

1965లో ‘ఇణప్రావుకళ్’ చిత్రంతో ఆమె మలయాళంలో అడుగుపెట్టారు. బరువైన పాత్రలు అక్కడే లభించాయి. 1968లో వచ్చిన ‘తులాభారం’ తోప్పిల్ భాసి రాసిన నాటకం ఆధారంగా తీసినది. కార్మికుడైన భర్త హత్యకు గురైతే, ఆకలికి తట్టుకోలేక బిడ్డలకు విషం పెట్టి, తాను మాత్రం బతికి కోర్టు బోనులో నిలబడిన తల్లి కథ అది. ఈ పాత్రకే మొదటి జాతీయ అవార్డు వచ్చింది. అదే పాత్రను ఆమె తమిళంలోను, తెలుగులో ‘మనుషులు మారాలి’ (1969)లోను, హిందీలో ‘సమాజ్ కో బదల్ డాలో’ (1970)లోను పోషించారు. ఒకే తల్లి దుఃఖాన్ని నాలుగు భాషలవారికి చూపించారు.

ఆదూర్ గోపాలకృష్ణన్ తొలి చిత్రం ‘స్వయంవరం’ (1972) రెండవ అవార్డు తెచ్చింది. మూడవది బి.ఎస్. నారాయణ దర్శకత్వం వహించిన మన తెలుగు చిత్రం ‘నిమజ్జనం’కు, 1978 సంవత్సరానికి లభించింది. ఆ రోజుల్లో ఉత్తమ నటి అవార్డును ‘ఊర్వశి’ అనేవారు. అందుకే ఆమె ‘ఊర్వశి’ శారద అయ్యారు. 1996లో తెనాలి ప్రజలు ఆమెను లోక్‌సభకు పంపారు.

మనకేమిటి?

మనలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. మా తోటివారిలో వేరే రాష్ట్రంలో పీజీ సీటు వచ్చినా, భాష రాదని, దూరమని వదులుకున్నవారున్నారు. వారిని తప్పు పట్టలేం. “వెళ్లు, ఫరవాలేదు” అని చెప్పడానికి ఇంట్లో చదువుకున్నవారు లేరు. శారద గారికి సొంతగడ్డ మీద దొరకని పాత్ర పరాయి భాషలో దొరికింది. అక్కడ పేరు వచ్చాక తెలుగు పరిశ్రమ కూడా పెద్ద పాత్రలతో పిలిచింది. కనుక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దూరంగా సీటు వస్తే భయపడి కాగితం చించేయకండి. ముందు మీ సీనియర్లను అడగండి. “వెళ్లు” అని చెప్పడానికి ఇప్పుడు మేమున్నాం.