పొదుగు చేపడమంటే ఏమిటి?

బదిలీల మీద ఎన్ని ఊళ్లు తిరిగినా, 'గేదె చేపింది' అనే వాక్యాన్ని బోర్డు మీద రాస్తే తరగతిలో సగం మందికి నీళ్లలో ఈదే చేపే గుర్తొస్తుందని మేము గమనించాం. పాల ప్యాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ మాట ఎక్కడ వినపడుతుంది? చేపడమంటే పొదుగులో ఉన్న పాలు చన్నుల్లోకి దిగడం. మరాఠీలో దీన్నే 'పాన్హా' అంటారు. ఈ మాట వెనుక జీవశాస్త్రంలోని ఒక చక్కని పాఠం ఉంది. ఈసారి రెండు పాఠాలనూ కలిపి చదువుకుందాం.

పొదుగు పాలు నింపిపెట్టిన కుండ కాదు. అక్కడే పాలు తయారవుతాయి, అక్కడినుంచే బయటికి వస్తాయి. ఈ రెండూ వేరు వేరు పనులు. వాటిని నడిపించే హార్మోన్లు కూడా వేరు.

మొదట తయారీ సంగతి చూద్దాం. పశువు చూడితో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పాల నాళాలను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ద్రాక్షగుత్తిలా ఉండే చిన్న చిన్న పాలతిత్తులను వృద్ధి చేస్తుంది. పాలను తయారు చేయించే ముఖ్యమైన హార్మోన్ ప్రొలాక్టిన్. ఇది మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి ముందు భాగం నుంచి వస్తుంది. అయితే గర్భం నిలిచి ఉన్నంతకాలం ప్రొజెస్టిరాన్ దీనికి అడ్డుపడుతుంది. ప్రసవ సమయానికి ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. అడ్డు తొలగగానే పాలు సమృద్ధిగా ఊరడం మొదలవుతుంది. ఆవులు, గేదెల్లో ఆ తర్వాత పాడి నిలబడటానికి పెరుగుదల హార్మోన్ కూడా బాగా తోడ్పడుతుంది.

ఇక్కడ ఒక భాషా విశేషం చెప్పుకోవాలి. సంస్కృతంలో 'పీయూషం' అంటే అమృతమనే కాదు, కొత్తగా ఈనిన ఆవు పాలు అని కూడా అర్థం. అంటే మనం జున్ను వండుకునే ముర్రుపాలన్నమాట. పాలను శాసించే గ్రంథికి మన పుస్తకాల్లో ఆ పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి!

ఇక రెండో పని, పాలు దిగడం. దూడ మూతితో పొదుగును కుమ్మి చన్ను చీకగానే ఆ స్పర్శ నరాల గుండా మెదడులోని హైపోథలామస్‌కు చేరుతుంది. అక్కడ తయారై పీయూష గ్రంథి వెనుక భాగంలో నిలవ ఉన్న ఆక్సిటోసిన్ వెంటనే రక్తంలోకి విడుదలవుతుంది. అది పొదుగును చేరి, పాలతిత్తుల చుట్టూ అల్లుకున్న సన్నని కణాలను బిగిస్తుంది. తిత్తులను పిండినట్లై పాలు కిందికి దిగుతాయి. ఇదే చేపు. దీనికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఆక్సిటోసిన్ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి, చేపిన వెంటనే ఆపకుండా పితికెయ్యాలి. గేదె పొదుగులో దాదాపు 95 శాతం పాలు తిత్తుల్లోనే ఉంటాయి. అందుకే చేపనిదే గేదె దగ్గర పాలు దొరకవు.

భయం దీనికి శత్రువు. కుక్క మీదికి వచ్చినా, కర్రతో కొట్టినా, కొత్త మనిషి కూర్చున్నా పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది చేపును అడ్డుకుంటుంది. పల్లెల్లో దీన్నే 'ఎగచేపింది' అంటారు. హార్మోన్ల పేర్లు తెలియకముందే మనవాళ్లు ఆ రెంటికీ రెండు మాటలు చేసుకున్నారు. మనుషుల్లోనూ ఇదే తీరు. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపుకొస్తాయి. 'ఏడవందే అమ్మైనా పాలివ్వదు' అనే సామెతలో శరీరధర్మం కూడా ఉంది.

ఇంకొక్క నియమం గుర్తుంచుకోవాలి. తీసినకొద్దీ పాలు ఊరుతాయి. తీయకుండా వదిలేస్తే తయారీ తగ్గి, చివరికి పశువు వట్టిపోతుంది.

ఇదంతా పరీక్ష కోసం మాత్రమే కాదు. దూడ చనిపోతేనో, దూడకు పాలు వదలడం ఇష్టం లేకనో కొందరు పూటపూటా పశువుకు ఆక్సిటోసిన్ సూది వేస్తారు. సూదికి అలవాటుపడిన పశువు ఆ తర్వాత అది లేనిదే సరిగా చేపదు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందులు వాడటం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అలాగని ఆ మందును చెడ్డదనలేం. ప్రసవం తర్వాత అధిక రక్తస్రావం నుంచి ఎందరో తల్లులను కాపాడుతున్నది అదే. దాన్ని ప్రయోగశాలలో తొలిసారి తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ప్రాణం నిలపాల్సిన మందును పాల కక్కుర్తికి వాడటమే తప్పు.

మరి దూడ లేనప్పుడు ఏం చేయాలి? రోజూ ఒకే వేళకు, అలవాటైన మనిషే వెళ్లాలి. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, నెమ్మదిగా నిమరాలి. కొన్నాళ్లకు తవుడు బకెట్టు చప్పుడుకే పశువు చేపుతుంది. దీనికి కావలసింది ఓపిక.

అభ్యాసం: సెలవుల్లో మీ ఊరి పెద్దలను అడిగి చూడి, ఈత, ముర్రుపాలు, చేపు, ఎగచేపు, వట్టిపోవడం అనే మాటలను సొంత వాక్యాల్లో రాయండి. ఒక్కో మాటకు ఎదురుగా, ఆ సమయంలో పనిచేసే హార్మోన్ పేరు మీకు తెలిసినంతవరకు రాయండి. మీ ఇంట్లో మరో భాష మాట్లాడితే, 'చేపు'కు ఆ భాషలో ఏమంటారో కూడా తెలుసుకుని రండి.