రేపల్లె కుర్రాడికి అడవి మంటల కొలువు

ప్రశ్న: మాది రేపల్లె. ఇంటర్ పాసయ్యాను. వేసవిలో అడవి మంటలు ఆర్పే పనిలో చేరాలంటే ఎవరిని కలవాలి?

జవాబు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమంతా కృష్ణా డెల్టా. ఇక్కడ వేసవిలో కాలేవి గడ్డివాములు, తాటాకు ఇళ్లు. వాటికి పరుగెత్తేది ఫైర్ స్టేషన్ సిబ్బంది. అడవి మంటల పని కావాలంటే మాత్రం నల్లమల వైపు వెళ్లాల్సిందే.

అక్కడ ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అటవీశాఖ ఫైర్ వాచర్లను తాత్కాలికంగా పెట్టుకుంటుంది. మార్కాపురం, గిద్దలూరు, ఆత్మకూరు వైపు రేంజ్ ఆఫీసుల్లో జనవరిలోపే అడగడం మేలు. అయితే, అడవి అంచు ఊళ్లవారికే, ముఖ్యంగా చెంచులకే, తొలి అవకాశం దక్కుతుంది. అది న్యాయం కూడా: ఏ వాగు ఎక్కడుందో, గాలి ఎటు మళ్లుతుందో వారికి చిన్ననాటి నుంచీ తెలుసు.

పనిలో మంట ఆర్పడంకన్నా రాలిన ఆకులు ఊడ్చి ఫైర్ లైన్లు (మంట దాటకుండా వదిలే ఖాళీ పట్టీలు) శుభ్రం చేయడమే ఎక్కువ. మంట లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. కొన్నిచోట్ల ఆకులు ఎగరగొట్టే బ్లోయర్లూ ఉంటాయి. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపుతుంది. ఆ హెచ్చరికలకు ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇంటర్ చదివిన కుర్రాడికి ఇంతకన్నా స్థిరమైన దారి ఏపీపీఎస్సీ భర్తీ చేసే బీట్ ఆఫీసర్ పోస్టు. రాత పరీక్షతోపాటు పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. దానికి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ ఇసుకలో తెల్లవారుజామున నడక ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.