ఎముకల బొమ్మ - ఊరి బావి నీరు

భైంసా ప్రాంతమున ప్రత్తి ఏరు దినములలో నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి సామాన్యము. అవి పనివలననో, వయస్సువలననో వచ్చినవని మనము సరిపెట్టుకొందుము. చాలవరకు అది నిజమే. కాని ఒకే బోరుబావి నీరు త్రాగు వాడలో, నడివయస్సు రాకమునుపే పలువురికి మెడ తిరుగక, నడుము వంగక, కాళ్ళు చేతులు బిగిసికొనిపోవుచున్నచో కారణము వెదకవలెను. అందులకు ఎక్స్‌రే మంచి సాధనము.

మన దేశమున ఈ సంగతి తెలుగు గ్రామముల రోగులవలననే వెల్లడియైనది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను వైద్యులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను గురించి వ్రాసిరి. వీరిలో బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. రోగుల వెన్నెముక బొమ్మలో సహజముకంటె దట్టముగా, తెల్లగా కనిపించెను. ఎముకలను కలుపు నరములవంటి కట్లు సున్నము పట్టి గట్టిపడియుండెను. కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడ్. వ్యాధి పేరు ఫ్లోరోసిస్. తరువాతి కాలమున నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి గురియై దేశమంతట తెలిసినది.

ముంజేతిలోని రెండు ఎముకల నడుమ పలుచని పొర కలదు. వ్యాధి ముదిరినవారిలో ఈ పొరకు సున్నము పట్టి, బొమ్మలో ముళ్ళవలె కనిపించును. అరిగిన కీళ్ళలో ఈ గుర్తు ఉండదు. అయితే తొలిదశలో బొమ్మ మామూలుగానే ఉండవచ్చును. బొమ్మ బాగున్నది గనుక నొప్పి అబద్ధమనరాదు. అప్పుడు మూత్రమును, త్రాగునీటిని పరీక్షింపవలెను.

చేయి విరిగి మానిన పిమ్మట ఆ ఒక్క చేయియే నెలల తరబడి మండుచు, వాచుచు, రంగు మారుచున్నచో అది వేరు వ్యాధి. అట్టి అవయవమున ఎముక పలుచబడుటను 1900లో జర్మనీ వైద్యుడు సుడెక్ ఎక్స్‌రేలో చూపెను. ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టమగును. కావున నొప్పి ఒకటే అయినను, రోగము ఏదో వైద్యుడు లక్షణములను, బొమ్మను కలిపి చూచి నిర్ణయింపవలెను.

గట్టిపడిన ఎముకను మునుపటివలె చేయు మందు లేదు. నీరు మార్చుటయే రక్షణ. లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు నీరు త్రాగదగినది. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు తుది హద్దు. కాచినచో ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొలది చిక్కనగును.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన పిమ్మట కుళాయిలు వచ్చిన ఊళ్ళలోను పొలములవద్ద బోరునీరు త్రాగువారు ఉందురు. కావున పంచాయతీ సభ్యులు తమ వాడలలో నొప్పులతో బాధపడువారిని, దంతములపై గోధుమరంగు చారలున్న పిల్లలను లెక్కింపవలెను. ప్రతి బోరునీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖచే పరీక్ష చేయింపవలెను. హద్దు మీరిన బోరుకు ఎర్రరంగు వేసి, త్రాగుటకు తగదని చాటింపు వేయింపవలెను. రోగులను ప్రభుత్వాసుపత్రికి పంపవలెను.

ఒక రైతు ముంజేతి బొమ్మలో ముళ్ళు కనిపించిన దినమున ఆ బావి నీరు త్రాగు పిల్లలు జ్ఞప్తికి రావలెను. తండ్రి ఎముకను మనము మార్చలేము. బిడ్డ త్రాగు నీటిని మార్చగలము.