ఎప్‌సెట్: మార్కులు, పర్సంటైల్, ర్యాంకు

మేడ్చల్ మండలం అత్వెల్లి, జాతీయ రహదారి 44 వెంట ఉన్న ఊరు. జిల్లా: మేడ్చల్–మల్కాజిగిరి. ఇక్కడి ఇంటర్ విద్యార్థి ఇంజినీరింగ్ సీటుకు రాసే పరీక్ష టీజీ ఎప్‌సెట్.

నిర్వహణ జేఎన్‌టీయూ హైదరాబాద్, ఉన్నత విద్యామండలి తరఫున. 160 ప్రశ్నలు, 160 మార్కులు, 3 గంటలు. గణితం 80, భౌతికం 40, రసాయనం 40. నెగెటివ్ మార్కుల్లేవు, ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

అర్హత మార్కు 25 శాతం, అంటే 40. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు నిబంధన లేదు. తెలంగాణలో ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ ఎత్తేశారు. కానీ ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం తప్పనిసరి. ఇంటర్‌ను తేలిగ్గా తీసుకుంటే మంచి ర్యాంకు వచ్చినా సీటు దక్కదు.

నార్మలైజేషన్: వేర్వేరు పూటల పేపర్ల కష్టంలో తేడాను సరిచేసే లెక్క. ర్యాంకు అలా సరిచేసిన మార్కులతోనే.

పర్సంటైల్ (జాతీయ పరీక్ష జేఈఈ మెయిన్‌లో వాడే లెక్క): మీతో సమానంగా లేదా మీకంటే తక్కువ తెచ్చుకున్నవారి సంఖ్య ÷ రాసినవారు × 100. పర్సంటైల్ 90 అంటే 90 శాతం మార్కులు కాదు. పొరపాటు పడేది ఇక్కడే, గుర్తుపెట్టుకోండి.

సీట్ల కేటాయింపులో స్థానికత: ఆధారం 371–డి అధికరణ (32వ రాజ్యాంగ సవరణ, 1973). స్థానికులకు 85 శాతం సీట్లు.

సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు గత ఏడాది సీటు దక్కిన చివరి ర్యాంకులు చూడండి: కళాశాల, బ్రాంచి, కేటగిరీ, బాలురు/బాలికల వారీగా. ఇష్టమైన ఆప్షనే మొదట పెట్టండి. ర్యాంకుకు అందదని భయపడి కిందికి నెట్టొద్దు.